రైలా ఒడింగా ప్రధానిగా ఉన్న ఐదేళ్ల గురించి మాట్లాడుకుందాం

నైరోబీవాసి:

అందరికీ నమస్కారం. 2025 అక్టోబరు 15న రైలా ఒడింగా పోయారన్న వార్త మన పేపర్లలో చూసే ఉంటారు. నా కంటపడినవన్నీ ఒకే తీరు. కెన్యా మాజీ ప్రధాని, వయసు 80, కేరళలోని కూత్తాట్టుకుళంలో ఆయుర్వేద వైద్యానికి వచ్చారు, పొద్దున నడకకు వెళ్లి కుప్పకూలారు. ఆపైన కూతురి కంటిచూపు సంగతి, మన్ కీ బాత్‌లో మోదీ ఆ కుటుంబం గురించి చెప్పిన సంగతి. అక్కడితో సరి. మిగతావాళ్లేమో అధ్యక్ష పదవికి ఐదుసార్లు పోటీచేసి ఐదుసార్లూ ఓడారని (1997, 2007, 2013, 2017, 2022) మొదలుపెట్టి ఆ మాట దగ్గరే ఆగిపోయారు.

నేను ఇక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నాను. నాకు ఈ లెక్క మింగుడుపడదు. ఓటములు పక్కనపెట్టి 2008 ఏప్రిల్ 17 నుంచి 2013 ఏప్రిల్ దాకా ఆయన ప్రధానిగా ఉన్న ఐదేళ్లు చూడాలని నా వాదన. కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చాక ప్రధాని కుర్చీలో కూర్చున్నది ఇద్దరే. మొదట జొమో కెన్యాట్టా, 1963-64లో. మళ్లీ నలభై ఏళ్లు దాటాక ఈయన. పదవి కూడా ఈయనతోనే పోయింది. ఇవాళ కెన్యాలో 47 కౌంటీలకు నైరోబీ నుంచి డబ్బు వెళ్తోందన్నా, సుప్రీంకోర్టు అధ్యక్షుడి ఎన్నికనే కొట్టేయగలిగిందన్నా, దానికి పునాది ఆ ఐదేళ్లలోనే పడింది. కాదనేవాళ్లు రండి, కారణాలు చెప్పండి.

సివిల్స్_ప్రిపరేషన్:

అన్నా, మంచి థ్రెడ్ పెట్టారు. నాకో డౌటు. కెన్యాలో ఉన్నది అధ్యక్ష పాలన కదా, మధ్యలో ప్రధాని ఎక్కడి నుంచి వచ్చారు? రాజ్యాంగంలో ఉన్న పదవేనా? అధ్యక్షుడికీ ఆయనకీ అధికారాలు ఎలా పంచారు?

నైరోబీవాసి:

తమ్ముడూ, జొమో కెన్యాట్టా తర్వాత అది రాజ్యాంగంలో లేదు. నెత్తుటి గొడవ ఆపడానికి పుట్టించిన పదవి. అందుకే 2007 దగ్గర మొదలుపెట్టాలి.

డిసెంబరు 27న పోలింగ్, పదవిలో ఉన్న అధ్యక్షుడు మ్వాయి కిబాకి మీద రైలా పోటీ. మొదట్లో లెక్కల్లో రైలాదే ఆధిక్యం. తర్వాత కొన్నిచోట్ల నుంచి ఫలితాలు రావడం ఆగిపోయింది, ఆధిక్యం కరిగిపోతూ వచ్చింది. 30వ తేదీ సాయంత్రం ఓట్ల లెక్కలు కూడుతున్న కేఐసీసీ హాల్లో అరుపులు, తోపులాట. ఎన్నికల కమిషన్ చైర్మన్ సామ్యుయెల్ కివుయిటు లోపలి గదిలోకి వెళ్లి, ప్రభుత్వ చానల్ కేబీసీ కెమెరా ముందు ఫలితం చదివేశారు. కిబాకికి 45.8 లక్షలు, రైలాకు 43.5 లక్షలు. కాసేపటికే, చీకటి పడుతుండగా, అధ్యక్ష భవనం స్టేట్ హౌస్ పచ్చికలో కిబాకి ప్రమాణం చేసేశారు. ఆ వెంటనే టీవీల లైవ్ ప్రసారాలు బంద్.

అప్పట్లో మేం పార్క్‌ల్యాండ్స్‌లో అద్దెకుండేవాళ్లం. ఫోన్లో బాలెన్స్ అయిపోతే వేసుకోవడానికి స్క్రాచ్ కార్డు కూడా దొరకలేదు. కాంపౌండు గేటు దగ్గర ఇద్దరు వాచ్‌మెన్ ఉండేవాళ్లు, ఒకతను లువో (రైలా తెగ), ఇంకొకతను కికూయు (కిబాకి తెగ). ఇద్దరూ ఒకే రేడియో వినేవాళ్లు, ఒకే గిన్నెలో ఉగాలి తినేవాళ్లు. ఆ రాత్రి తర్వాత ఒకతను గేటు లోపల, ఒకతను గేటు బయట. కొన్నాళ్లకు కికూయు అతను కిబేరా మురికివాడలో తనుండే గది ఖాళీచేసి, పరుపు, స్టవ్వు, పిల్లల స్కూలు సంచులు తెచ్చి మా పార్కింగులో పెట్టుకున్నాడు. కిబేరా లోంచి వెళ్లే రైలు పట్టాలు జనం పీకి పారేసిన రోజులవి.

జనవరి 1న ఎల్డొరెట్ దగ్గర కియంబాలో చర్చిలో తలదాచుకున్న ఆడవాళ్లనీ పిల్లలనీ లోపల ఉండగానే తగలబెట్టారు. రైలాకు పట్టున్న కిసుములో పోలీసు కాల్పులు. మొత్తమ్మీద 1,100 మందికి పైగా చనిపోయారు, దాదాపు 6 లక్షల మంది ఊళ్లు వదిలారు. ఐరాస మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ వచ్చి వారాల తరబడి కూర్చుంటే ఫిబ్రవరి 28న అధ్యక్షుడి కార్యాలయం హరాంబీ హౌస్ మెట్ల ముందు బల్ల వేసుకుని కిబాకి, రైలా సంతకాలు పెట్టారు. దాన్నే నేషనల్ అకార్డు అంటారు. దాని ప్రకారం ప్రధాని పదవి వచ్చింది. ప్రభుత్వ పనుల్ని "సమన్వయం చేసి పర్యవేక్షించడం" ఆయన బాధ్యత. మంత్రి పదవులు రెండు పక్షాలకీ సమానంగా పంచాలి. అధ్యక్షుడు తనంతట తాను ప్రధానిని తీసేయలేడు, పార్లమెంటు అవిశ్వాసం పెట్టాలి. ఇంతవరకే. ప్రభుత్వాధినేత ఎవరన్నది అందులో తేల్చలేదు. ఐదేళ్ల కీచులాటంతా ఆ ఖాళీలోంచే వచ్చింది.

పాతపేపరు:

నైరోబీవాసి గారూ, మీరు 2007 నుంచి మొదలుపెట్టారు గానీ ఈ కథకు 1960ల నుంచి రావాలి. నేను రాజనీతి శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి, ఆఫ్రికా వలస విముక్తి చరిత్ర అంటే నాకు ప్రాణం. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

రైలా తండ్రి జరమోగి ఒగింగా ఒడింగా కెన్యా మొదటి ఉపాధ్యక్షుడు. జొమో కెన్యాట్టా జైల్లో ఉన్నప్పుడు, ఆయన బయటికి రానిదే మాకు ప్రభుత్వం వద్దని నిలబడ్డ మనిషి. స్వాతంత్ర్యం వచ్చాక తెల్లవాళ్ల భూములు ఎవరికి దక్కాలన్న దగ్గర ఇద్దరికీ చెడింది. పేదలకు పంచాలని జరమోగి వర్గం, డబ్బిచ్చి కొనుక్కోవాలని కెన్యాట్టా వర్గం. జరమోగికి కుడిభుజంగా ఉన్న పియో గామా పింటో మన గోవా మూలాలున్నవాడు, నైరోబీలో పుట్టినవాడు. 1965 ఫిబ్రవరి 24న ఆయన్ని ఇంటి గేటు దగ్గర, చిన్న కూతురు కారులో ఉండగానే కాల్చి చంపారు. స్వతంత్ర కెన్యాలో అది తొలి రాజకీయ హత్య. 1966లో జరమోగి రాజీనామా చేసి కెన్యా పీపుల్స్ యూనియన్ పెట్టారు. 1969 జులైలో లువో నాయకుడు, మంత్రి టామ్ ఎంబోయా హత్య. ఆ అక్టోబరులో సోవియట్ సాయంతో కట్టిన ఆసుపత్రిని ప్రారంభించడానికి కెన్యాట్టా కిసుము వచ్చారు. వేదిక మీదే ఇద్దరికీ మాటామాటా పెరిగింది, కింద జనం రాళ్లేశారు, అధ్యక్షుడి రక్షక దళం తుపాకులు పేల్చింది. జరమోగి పార్టీని నిషేధించారు, ఆయన్ని లోపలేశారు.

అప్పటికి రైలా తూర్పు జర్మనీలో మాగ్డెబర్గ్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతున్నాడు. 1970లో తిరిగొచ్చి యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు, గ్యాస్ సిలిండర్ల ఫ్యాక్టరీ పెట్టాడు, ప్రమాణాల సంస్థలో డిప్యూటీ డైరెక్టరయ్యాడు. ఏ గొడవా లేకుండా బతికే దారి ఉన్నవాడే. 1982 ఆగస్టు 1న వైమానిక దళం వాళ్లు తిరుగుబాటు చేసి విఫలమైతే, రైలాను పట్టుకెళ్లి దేశద్రోహం కేసు పెట్టారు. తర్వాత కేసు ఎత్తేసి, విచారణే లేకుండా ఆరేళ్లు నిర్బంధంలో ఉంచారు. 1984లో తల్లి చనిపోతే ఆ కబురు ఆయనకు చెప్పింది రెండు నెలల తర్వాత. 1988లో వదిలి అదే ఏడు మళ్లీ పట్టుకున్నారు, 1989లో వదిలి 1990లో మళ్లీ. చివరికి 1991లో మారువేషంలో విక్టోరియా సరస్సు దాటి ఉగాండా చేరి, అక్కడి నుంచి నార్వే వెళ్లాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 2008లో ఆ సగం అధికారానికి ఎందుకు ఒప్పుకున్నాడన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. అధికారంలో చోటు వదులుకుంటే ఏమవుతుందో తండ్రి విషయంలో కళ్లారా చూశాడు.

లెక్కచూద్దాం:

పాతపేపరు గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, మీరు చెప్పినదాంట్లో సగమే ఉంది.

1982 సంగతి: 2006లో వచ్చిన ఆయన జీవితకథలో, ఆ కుట్రలో తన పాత్ర అంతకుముందు ఒప్పుకున్నదానికంటే ఎక్కువే అన్నట్టు వచ్చింది. ఆయన్ని అరెస్టు చేయాలన్న డిమాండు కూడా లేచింది. సాధారణ ఉద్యోగస్థుణ్ణి అన్యాయంగా లోపలేశారన్నట్టు చెప్పకండి. ఆ రోజు నైరోబీలో మన భారతీయుల దుకాణాలు ఎలా లూటీ అయ్యాయో అక్కడి గుజరాతీ కుటుంబాలను అడగండి.

తనను ఏళ్ల తరబడి చీకట్లో పెట్టిన అప్పటి అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయితోనే 1997 ఎన్నికల తర్వాత చేతులు కలిపారు. 2001లో ఇంధన మంత్రి. 2002 మార్చిలో సొంత పార్టీని తీసుకెళ్లి మోయి పార్టీ కానూలో కలిపేసి ప్రధాన కార్యదర్శి అయ్యారు. మోయి తన వారసుడిగా జొమో కెన్యాట్టా కొడుకు ఉహురు కెన్యాట్టా పేరు ప్రకటించాకే బయటికొచ్చారు. ఆ పేరు తనదై ఉంటే? కిసుము మొలాసిస్ ఫ్యాక్టరీ ఒడింగా కుటుంబం చేతికి ఎలా వచ్చిందన్న ప్రశ్న కూడా ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

నా ఆరోపణ ఒక్కటే. వీధిలో జనాన్ని నిలబెట్టి, తర్వాత పై గదిలో సర్దుబాటు చేసుకోవడం ఆయన పద్ధతి. 2008 ప్రధాని పదవి అందులో ఒక మెట్టు.

నైరోబీవాసి:

లెక్కచూద్దాం గారూ, 2002 మీరు సగంలో ఆపేశారు. కానూ నుంచి బయటికొచ్చి 2002 అక్టోబరు 14న ఉహురు పార్క్ సభలో "కిబాకి తోషా" అన్నది ఆయనే. కిబాకి చాలు, ఆయనే మన అభ్యర్థి అని. తను పోటీలోంచి తప్పుకుని పాతికేళ్ల మోయి పాలన తర్వాత కానూని ఇంటికి పంపించారు. ప్రచారం మధ్యలో కిబాకి కారు ప్రమాదంలో పడి లండన్ ఆసుపత్రిలో ఉంటే ఊరూరా తిరిగింది రైలాయే. కిబాకి చక్రాల కుర్చీలో ప్రమాణం చేశారు. గెలిస్తే ప్రధాని పదవి ఇస్తామని ముందే రాసుకున్న ఒప్పందం ఉంది, అది అటకెక్కింది. ఆయనకు రోడ్ల శాఖ ఇచ్చి ఊరుకున్నారు.

అంటే 2008లో దక్కిన పదవి 2002లోనే మాటిచ్చిన పదవి. మధ్యలో 1,100 ప్రాణాలు పోయాయి.

కిసుము_టీచర్:

ఈ చర్చలో కిసుము పేరు ఇన్నిసార్లు వచ్చాక రాయకుండా ఉండలేకపోయాను. మావారి ఉద్యోగం వల్ల అక్కడ కొన్నేళ్లు ఉన్నాం, నేను స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని.

పాతపేపరు మాస్టారూ, మీరు చెప్పిన 1969 ఆసుపత్రిని అక్కడివాళ్లు ఇప్పటికీ "రష్యా" అంటారు. కాగితాల మీద పేరు మాత్రం జరమోగి ఒగింగా ఒడింగా ఆసుపత్రి. ఏ మనిషి మీద కోపంతో ఆ ఊళ్లో తూటాలు పేల్చారో ఆ మనిషి పేరే ఇప్పుడు ఆ గేటు మీదుంది. దాని ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరించేది.

రైలాను అక్కడ పేరుపెట్టి పిలవరు. జాకోమ్ (లువోలో ఛైర్మన్) అంటారు, లేదా బాబా. సంతలో చేపలమ్మే ఆడవాళ్లు ఆయన గురించి మాట్లాడేటప్పుడు ఇంట్లో పెద్దాయన గురించి చెప్పినట్టే ఉండేది. బాబా ఏమన్నాడు, బాబా ఎప్పుడొస్తాడు. 2017 ఆగస్టులో అధ్యక్ష ఎన్నిక ఫలితాలు వచ్చిన రాత్రి పోలీసులు ఇళ్లలో దూరి కొట్టారు. ఆరు నెలల పసిపాప తలకు దెబ్బ తగిలి, తర్వాత ఆసుపత్రిలో చనిపోయింది. ఆ పాప పేరు కెన్యాలో తెలియనివాళ్లు లేరు. మా స్టాఫ్‌రూములో ఆ వారమంతా ఎవరూ గొంతెత్తి మాట్లాడలేదు.

2018 మార్చి 9న ఆయన హరాంబీ హౌస్ మెట్ల మీద అధ్యక్షుడు ఉహురు కెన్యాట్టాతో చేయి కలిపారు. ఊళ్లో ఊపిరి పీల్చుకున్నవాళ్లే ఎక్కువ, అది నిజం. బడి తెరిచాం, కొట్లు తెరిచారు. నాతో పనిచేసే ఒకామె మాత్రం టీవీ వంక చూస్తూ, "మరి మా తమ్ముడికి తగిలిన తూటా సంగతి ఎవరితో మాట్లాడాలి?" అంది. నా దగ్గర సమాధానం లేదు. లెక్కచూద్దాం గారి మాటల్లో కరుకుదనం నాకు నచ్చకపోయినా, ఆ ప్రశ్న మాత్రం న్యాయమైనది.

సివిల్స్_ప్రిపరేషన్:

మేడం, మీ పోస్టు చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు.

నైరోబీవాసి అన్నా, ప్రధానిగా ఆయన ఏం చేశారో ఇంకా చెప్పలేదు మీరు. అంత గట్టిగా కొట్లాడి తెచ్చుకున్న పదవి 2010 రాజ్యాంగంలో ఎందుకు లేకుండా పోయింది? ఆయనే ఒప్పుకున్నారా?

నైరోబీవాసి:

ఇదే ఈ థ్రెడ్డులో అసలు ప్రశ్న.

ముందు ఆ సగం ప్రభుత్వం ఎలా నడిచిందో చెప్తాను. ఇక్కడ దాన్ని "నుసు మ్కాతె" అనేవాళ్లు, సగం రొట్టె. రెండు పక్షాలకీ సర్దాలి కాబట్టి మంత్రులు నలభై మంది దాకా అయ్యారు. సభల్లో ముందు ఉపాధ్యక్షుడు కలోంజో ముసియోకా మాట్లాడాలా ప్రధాని మాట్లాడాలా అన్నది నెలల తరబడి రభస. అధికార యంత్రాంగమంతా అధ్యక్షుడి కార్యాలయం మాటే వినేది. 2010 ఫిబ్రవరిలో ఒక రోజు చూడండి. మొక్కజొన్న కుంభకోణం, విద్యాశాఖ నిధుల కుంభకోణం మీద రైలా ఇద్దరు మంత్రుల్ని మూడు నెలలు సస్పెండ్ చేశారు. వ్యవసాయ మంత్రి విలియం రూటో, విద్యా మంత్రి సామ్ ఒంగేరి. కొన్ని గంటల్లోనే కిబాకి ఆ ఉత్తర్వు చెల్లదన్నారు. పర్యవేక్షించమన్న ప్రధానికి మంత్రిని పక్కన కూర్చోబెట్టే అధికారం కూడా లేదని దేశమంతా చూసింది.

అదే రోజుల్లో మావు అడవి. రిఫ్ట్ వ్యాలీలో ఉన్న పెద్ద అడవి అది, మారా నది పుట్టేది అక్కడే, నకురు సరస్సుకీ విక్టోరియాకీ నీళ్లు అక్కడి నుంచే. మోయి కాలంలో దాన్ని ముక్కలు చేసి తనవాళ్లకు పంచారు, పేదలూ వచ్చి స్థిరపడ్డారు. నదులు ఎండిపోతున్నాయని 2009లో ఖాళీ చేయించడం మొదలైంది. ఆ పనికి ముందు నిలిచింది ప్రధాని. అడవిలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది కలెంజిన్ తెగవాళ్లు, 2007లో రూటో మాట మీద రైలాకు గంపగుత్తగా ఓటేసినవాళ్లు. ఖాళీ చేసినవాళ్లు రోడ్డు పక్కన ప్లాస్టిక్ షీట్ల కింద తడుస్తూ ఉన్న ఫొటోలు పేపర్లలో వచ్చాయి. ఆ ఓట్లు మళ్లీ ఆయనకు రాలేదు. అడవిని కాపాడాలనుకోవడం తప్పు కాదు, ఆ కుటుంబాలకు ఇంకోచోట చూపించకుండా మొదలుపెట్టడం తప్పు అని నేను అప్పుడే అనుకున్నాను. రాజకీయంగా చూస్తే 2013 ఓటమికి అక్కడే బీజం పడింది.

ఇక రాజ్యాంగం. నిపుణుల కమిటీ 2009 నవంబరులో ఇచ్చిన ముసాయిదాలో అధ్యక్షుడూ ఉన్నారు, అధికారాలున్న ప్రధానీ ఉన్నారు. రైలా ఏళ్ల తరబడి కోరింది అదే. 2010 జనవరిలో రెండు పక్షాల ఎంపీలు నైవాషాలో కూర్చున్నారు. అక్కడ ప్రధాని పదవి తీసేసి పూర్తి అధ్యక్ష పద్ధతికి ఒప్పందం కుదిరింది. బదులుగా అధికారాన్ని కిందికి పంచే కౌంటీల వ్యవస్థ నిలిచింది. రైలా పక్షం ఒప్పుకోకపోతే ముసాయిదా అక్కడే చచ్చిపోయేది, 2005 రెఫరెండంలో చచ్చినట్టే. అప్పుడు ప్రభుత్వ ముసాయిదాను ఓడించింది ఈయనే. నారింజ గుర్తు ఆ రెఫరెండందే, ఆయన ఓడీఎం (ఆరెంజ్ డెమోక్రటిక్ మూవ్‌మెంట్) పార్టీ పేరు అందులోంచి వచ్చిందే. ఈసారి తన పదవి పోతుందని తెలిసీ కిబాకి పక్కన నిలబడి ఆకుపచ్చ టీ షర్టు వేసుకుని "అవును" కోసం తిరిగారు. "కాదు" వైపు రూటో, మోయి, చర్చి పెద్దలు. 2010 ఆగస్టు 4న మూడింట రెండు వంతుల ఓటు "అవును"కి పడింది. 27న ఉహురు పార్క్‌లో అమల్లోకి తెచ్చారు.

పౌరహక్కుల పట్టిక, స్వతంత్ర న్యాయవ్యవస్థ, కొత్త సుప్రీంకోర్టు, 47 కౌంటీలు. ఇవన్నీ ఆ పత్రంలోవి. నేను కౌంటీ ఆఫీసుల చుట్టూ పని మీద తిరిగే మనిషిని. ఉత్తరాన మారుమూల తుర్కానా, వజీర్ లాంటి చోట్ల ముందు ఏముందో, ఇప్పుడు ఏముందో చూశాను. వజీర్‌లో మామూలు కాన్పు కష్టమైతే గారిస్సా దాకా పోవాల్సిన రోజులు అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. కౌంటీ డబ్బులో దొంగతనం లేదనను, బోలెడంత ఉంది. కానీ డబ్బు అక్కడిదాకా చేరడమే కొత్త.

లెక్కచూద్దాం:

ఒప్పుకుంటాను, నైవాషా సంగతి ఆయన ఖాతాలో బలమైన జమ. కానీ ఆ రాజ్యాంగాన్నే 2018 తర్వాత మార్చబోయింది ఎవరు? ఉహురుతో చేయి కలిపాక ఇద్దరూ కలిసి బీబీఐ (బిల్డింగ్ బ్రిడ్జెస్ ఇనీషియేటివ్) అని రాజ్యాంగ సవరణలు తెచ్చారు. అందులో ప్రధాని పదవి మళ్లీ పుట్టించాలని ఉంది. 2021 మేలో హైకోర్టు కొట్టేసింది, ఆగస్టులో అప్పీలు కోర్టు, 2022 మార్చిలో సుప్రీంకోర్టు కూడా ఆపేసింది. వదులుకున్న పదవిని వెనక దారిలో తెచ్చుకోబోయారు. పదిమందికి అధికారం పంచితే గొడవలు తగ్గుతాయని ఆయన చెప్పిన కారణం నాకు సరిపోదు. పంచుకునేది నాయకులే కదా.

పాతపేపరు:

లెక్కచూద్దాం గారూ, కొట్టేసిన ఆ కోర్టులకు బలమిచ్చింది ఏ రాజ్యాంగమో కూడా రాయాలి మీరు. 2013లో ఉహురు 50.07 శాతంతో గట్టెక్కితే రైలా కొత్త సుప్రీంకోర్టుకు వెళ్లారు, ఓడారు, తీర్పు నాకు నచ్చలేదు గానీ ఒప్పుకుంటున్నానన్నారు. 2007లో అయితే కోర్టుకు పోనన్నారు, నమ్మకం లేదన్నారు. ఆ తేడా చిన్నది కాదు. 2017 ఎన్నికకు ముందు ఎన్నికల కమిషన్ ఐటీ అధికారి క్రిస్ ఎంసాండోను చంపేశారు. ఓటు అయ్యాక మళ్లీ కోర్టు. సెప్టెంబరు 1న ప్రధాన న్యాయమూర్తి డేవిడ్ మరాగా ధర్మాసనం 4-2 తేడాతో ఎన్నిక చెల్లదని తేల్చింది. పదవిలో ఉన్న అధ్యక్షుడి గెలుపును కోర్టు రద్దుచేయడం ఆఫ్రికాలో అదే మొదటిసారి. ఆ వార్త విన్న రోజు నేను పాత విద్యార్థులకు ఫోన్లు చేసి మరీ చెప్పాను.

అక్టోబరు 26 మళ్లీ ఎన్నికను ఆయన బహిష్కరించడం, 2018 జనవరి 30న ఉహురు పార్క్‌లో "ప్రజల అధ్యక్షుడి"గా ప్రమాణం చేయడం నాకూ సమ్మతం కాదు. చట్టాన్ని నమ్మి కోర్టు గెలిచిన మనిషి చట్టం బయటికి నడిచాడు. అది ఆయన జీవితంలో ప్రమాదకరమైన రోజని నా అభిప్రాయం. టీవీ చానళ్ల ప్రసారాలే ఆపేసింది ప్రభుత్వం. ఇంకో నెల అలా సాగితే 2008 మళ్లీ వచ్చేది. ఆ లెక్కన మార్చి 9 చేయి కలపడం దేశాన్ని కాపాడింది.

ఎర్నాకుళం_పార్సెల్:

చాలా రోజులుగా చదివి వెళ్లిపోయేదాన్ని, ఇవాళ రాస్తున్నాను. మాది నెల్లూరు, ఉద్యోగం ఎర్నాకుళంలో. మా అత్తగారి కంటి వైద్యం కోసం కూత్తాట్టుకుళం వెళ్లాం. రబ్బరు తోటల మధ్య చిన్న ఊరు. అక్కడి కంటి ఆసుపత్రిలో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు కనిపించారు. ఒక కెన్యా కుటుంబంతో మాట కలిస్తే, ఒడింగా కూతురు రోజ్‌మేరీకి ఇక్కడ చూపు మెరుగైందని విని వచ్చామన్నారు. అంత పెద్ద మనిషి తన ఇంటి కష్టాన్ని దాచుకోకుండా చెప్పడం వల్ల వీళ్లు ఇంత దూరం ధైర్యం చేశారు. రాజకీయం నాకు అంతగా తెలియదు. 2022లో ఆయన ఎందుకు ఓడారో ఎవరైనా చెప్తారా? అప్పుడు ప్రభుత్వమే ఆయన వెనకుందని విన్నాను.

నైరోబీవాసి:

అమ్మా, ఓటమికి కారణం అదే. పదవిలో ఉన్న ఉహురు తన ఉపాధ్యక్షుడు రూటోని కాదని రైలాను నిలబెట్టారు. నలభై ఏళ్లు ప్రభుత్వాన్ని ఎదిరించి పేరు తెచ్చుకున్న మనిషి మొదటిసారి ప్రభుత్వ అభ్యర్థిగా కనిపించారు. ధరలు మండుతున్నాయి, మొక్కజొన్న పిండి కొనలేకపోతున్నారు. రూటో తోపుడు బండి గుర్తుతో "హస్లర్" అంటూ, చెమటోడ్చి బతికేవాడి మనిషినని తిరిగారు. తేడా 2.33 లక్షల ఓట్లు. ఏడుగురు ఎన్నికల కమిషనర్లలో నలుగురు ఫలితం మాది కాదన్నారు, సుప్రీంకోర్టు రూటోనే గెలిచాడంది. మహిళా నేత మార్తా కరువాను ఉపాధ్యక్ష అభ్యర్థిగా తీసుకున్నది మాత్రం ఆయన చేసిన మంచి పనుల్లో ఒకటి.

2023లో మళ్లీ వీధి. ధరల మీద నిరసనగా నెత్తిన వంటగిన్నెలు పెట్టుకుని జనం నడిచారు, తూటాలకు ప్రాణాలు పోయాయి.

కిసుము_టీచర్:

2024 కూడా చెప్పండి సార్. అది వదిలేస్తే ఆయన కథ పూర్తవదు.

జూన్‌లో పన్నుల బిల్లు మీద కుర్రాళ్లు, ఆడపిల్లలు ఫోన్లే ఆయుధంగా వీధిలోకి వచ్చారు. నాయకుడు లేడు, పార్టీ లేదు, తెగ లేదు. జూన్ 25న పార్లమెంటులోకి దూసుకెళ్లారు, కాల్పులు జరిగాయి. నా దగ్గర చదువుకున్న పిల్లలు కొందరు అందులో ఉన్నారు. బాబా కోసం వాళ్ల అమ్మానాన్నలు వీధికెక్కారు, వీళ్లు ఎవరి కోసమూ కాదు, తమ కోసం. బిల్లు వెనక్కి పోయింది. రెండు నెలలు తిరక్కుండానే ఓడీఎం పెద్దలు రూటో మంత్రివర్గంలో కూర్చున్నారు, జాన్ ఎంబాడికి ఆర్థిక శాఖ. 2025 మార్చి 7న రైలా, రూటో పది అంశాల ఒప్పందం మీద సంతకాలు చేశారు. నిరసనల్లో నష్టపోయినవాళ్లకు పరిహారం అందులో ఒక అంశం.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి అప్పుడు నాకు మెసేజ్ పెట్టింది, "టీచర్, మేం తెరిచిన తలుపులోంచి వాళ్లు లోపలికి వెళ్లారు" అని. అదే అమ్మాయి అక్టోబరులో కసరాని స్టేడియం బయట, ఆయన భౌతికకాయం చూడటానికి పొద్దున్నుంచి నిలబడింది. ఆ రోజు అక్కడ కూడా పోలీసులు కాల్చారు. ఎందుకు వెళ్లావమ్మా అని అడిగితే, "మాకు వీధిలో నిలబడటం నేర్పింది ఆయనే కదా" అంది.

లెక్కచూద్దాం:

మేడం, ఆ అమ్మాయి రెండు మాటలూ నిజమే. నా లెక్కలో రెంటినీ రాసుకుంటాను. పరిహారం అంశం దగ్గర మాత్రం నేను కదలను. ఇన్ని ఒప్పందాల్లో పదవుల పంపకం ప్రతిసారీ వారాల్లో అయిపోయింది. తూటా తగిలినవాళ్ల వంతు ఎప్పుడూ చివరికే.

సివిల్స్_ప్రిపరేషన్:

ఇప్పుడు ఓడీఎం పరిస్థితి ఏమిటన్నా?

నైరోబీవాసి:

రైలా అన్నగారు ఒబురు ఒగింగా పార్టీ పగ్గాలు తీసుకున్నారు. రూటోతో 2027 దాకా, ఆపైనా ఉందామనేవాళ్లు ఒకవైపు, వద్దనే ఎడ్విన్ సిఫునా లాంటివాళ్లు ఇంకోవైపు. రైలా ఉండగా ఈ రెండు వైపులూ ఆయన మాట దగ్గర కలిసేవి. అక్టోబరు 19న బోండోలో తండ్రి సమాధి పక్కన ఆయన్ని పాతిపెట్టారు, చనిపోయాక 72 గంటల్లో పూర్తిచేయమని ఆయన కోరినదానికి ఒక రోజు అటూఇటుగా. పార్టీలో పంచాయతీ ఆ వారమే మొదలైంది.

తమ్ముడూ, నీకు పరీక్షకు పనికొస్తుంది కాబట్టి చెప్తున్నా. ముందు 2008 అకార్డు చట్టం చదువు, చాలా చిన్నది. తర్వాత 2009 నవంబరు ముసాయిదా, 2010 రాజ్యాంగం పక్కపక్కన పెట్టుకుని కార్యనిర్వాహక వర్గం అధ్యాయం ఒక్కటి పోల్చి చూడు. ప్రధాని అన్న మాట ఎక్కడ ఉండి ఎక్కడ మాయమైందో నీకే కనిపిస్తుంది. సందేహాలుంటే ఇక్కడే అడుగు, పాతపేపరు గారు కూడా ఉన్నారు.

పాతపేపరు:

తప్పకుండా. పింటో గురించి, 1969 కిసుము గురించి వేరే థ్రెడ్ పెడతాను. కిసుము_టీచర్ అమ్మా, ఆ ఆసుపత్రి గేటు ఫొటో మీ దగ్గరుంటే అందులో పెట్టండి.